పోలీసుకు ప్రజల నమ్మకమే రక్షణ కవచం
పల్నాడులో మారిన ప్రమాదాలు – మారవలసిన దృక్పథం

బొల్లాపల్లి: ప్రతి సంవత్సరం అక్టోబరు 21వ తేదీని దేశవ్యాప్తంగా పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా పాటించడం జరుగుతున్నది. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా దళాల దాడిలో 10 మంది పోలీసులు అసువులు బాశారు. విధి నిర్వహణలో మరణించిన పోలీసుల స్మృత్యర్థం న్యూఢిల్లీలోని చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం 2018 అక్టోబరు 21న ప్రారంభమైనది. ఆ ఒక్క రోజు నివాళి అర్పించే సమాజం, మిగిలిన రోజుల్లో పోలీసును ఏ దృష్టితో చూస్తున్నదన్న అంశం ఆ ఉద్యోగి ప్రాణరక్షణతో నేరుగా ముడిపడి ఉన్నది. ఈ సంబంధాన్ని అర్థం చేసుకొనడానికి పల్నాడు ప్రాంత అనుభవం ఎంతగానో ఉపకరిస్తుంది.

అడవి అంచున విధులు

వినుకొండ శాసనసభ నియోజకవర్గంలోని బొల్లాపల్లి మండలం నల్లమల అంచున విస్తరించి ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే వరకు ఇది గుంటూరు జిల్లాలో భాగం. కొండలు, అటవీ భూములు, దూరదూరంగా ఉన్న సుగాలి తండాలు, ఒకప్పుడు సీసం గనులకు పేరొందిన బండ్లమోటు ఈ మండల స్వరూపం. ఇటువంటి చోట పనిచేసే కొద్దిపాటి సిబ్బందికి ఆపద ఎదురైతే అదనపు బలగాలు చేరుకొనడానికి సమయం పడుతుంది. ఆలోగా వారికి అండగా నిలువగలిగినది స్థానిక ప్రజలే.

మందుపాతరల కాలం

1990లలోను, 2000 దశకం తొలి సంవత్సరాలలోను నల్లమల పరిసరాలు నక్సలైట్ల కార్యకలాపాలకు కేంద్రంగా ఉండేవి. వారిని ఎదుర్కొనడానికి 1989లో గ్రేహౌండ్స్ దళం ఏర్పాటైనది. ఆ దళ నిర్మాత, ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో హత్యకు గురయ్యారు. మరో ఐ.పి.ఎస్. అధికారి చదలవాడ ఉమేష్‌చంద్రను 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు ఎస్.ఆర్. నగర్‌లో కాల్చి చంపారు. 2004 అక్టోబరులో జరిగిన శాంతి చర్చలు ఫలించలేదు. 2005 మార్చిలో చిలకలూరిపేట పోలీసు స్టేషన్‌పై మావోయిస్టులు దాడి జరిపారు.

ఆ కాలంలో కల్వర్టుల కింద, మట్టి రోడ్లలో మందుపాతరలు అమర్చేవారు. అందువల్ల వాహనాలు విడిచి మైళ్ల కొద్దీ కాలినడకన వెళ్లడం పోలీసులకు తప్పనిసరి అయినది. స్టేషన్ల చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్లకంచెలు వెలిశాయి. ఈ ఏర్పాట్లు సిబ్బంది ప్రాణాలను కాపాడినప్పటికీ, ఫిర్యాదుదారునికి స్టేషన్ గుమ్మం దూరమైనది. పోలీసుతో మాట్లాడితే ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర, దళానికి అన్నం పెడితే సానుభూతిపరుడన్న అనుమానం మధ్య గ్రామీణులు నలిగిపోయారు. సమాచారం అందని పోలీసుకు ప్రమాదం మరింత పెరిగినది. ప్రమాదం దూరాన్ని పెంచగా, దూరం తిరిగి ప్రమాదాన్ని పెంచినది.

అపనమ్మకానికి పాత మూలాలు

ఈ దూరం నక్సలైట్ల కాలంలోనే పుట్టినది కాదు. పల్నాడు అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో పోలీసు వ్యవస్థ 1859 నాటి చట్టంతో రూపుదిద్దుకొన్నది. పాలకుల ఆజ్ఞలను అమలు జరపడమే నాడు దాని ప్రధాన లక్ష్యం. పుల్లరి పన్నును ధిక్కరించిన పల్నాటి వీరుడు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులలో నేలకొరిగారు. ఆయన స్మృతి నేటికీ ఈ గడ్డపై సజీవంగా ఉన్నది. స్వాతంత్ర్యానంతరం పోలీసు ప్రజల సేవకుడైనా, పాత భయం ఒక్కసారిగా తొలగిపోలేదు. లాకప్పులలో హింస జరిగిన ప్రతిసారీ ఆ భయం తిరిగి బలపడుతుంది. దాని ఫలితాన్ని తప్పు చేయని కానిస్టేబుల్ కూడా అనుభవించవలసి వస్తున్నది.

అడవి నుండి వీధికి

మావోయిస్టుల ప్రాబల్యం తగ్గిన తరువాత ప్రమాదం అంతరించలేదు, రూపు మార్చుకొన్నది. 2024 మే 13న సార్వత్రిక ఎన్నికల పోలింగు సందర్భంగాను, ఆ తరువాతను పల్నాడులోని పలు చోట్ల ఘర్షణలు జరిగాయి. కారంపూడిలో విధి నిర్వహణలో ఉన్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గాయపడ్డారు. అదే సమయంలో హింసను నిరోధించలేదన్న కారణంగా జిల్లా ఎస్.పి.ని సస్పెండ్ చేయాలని ఎన్నికల సంఘం ఆదేశించినది. రాళ్ల వర్షానికి ఎదురు నిలిచిన సిబ్బంది, జవాబుదారీ వహించవలసిన యంత్రాంగం ఒకే వ్యవస్థలోని రెండు పార్శ్వాలు. ఒకదానిని చెప్పి మరొకదానిని విడిచిపెడితే ప్రజలకు పూర్తి చిత్రం అందదు.

చట్టం ఇరువైపులా

2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 132వ సెక్షన్ ప్రకారం విధి నిర్వహణను అడ్డుకొనడానికి ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యం చేసిన వారికి 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చును. అదే ఉద్దేశంతో గాయపరచిన వారికి 121వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు, తీవ్రంగా గాయపరచితే 10 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చును.

పౌరునికి కూడా చట్టం రక్షణ కల్పించినది. అరెస్టు సమయంలో పాటించవలసిన నియమాలను డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో నిర్దేశించినది. పోలీసుపై అనుచిత ఒత్తిళ్లను తొలగించడానికి, ఫిర్యాదుల విచారణకు ప్రత్యేక ప్రాధికార సంస్థలను నెలకొల్పడానికి ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న ఆదేశాలు వెలువడ్డాయి. సోదాలను ఆడియో, వీడియో రూపంలో నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఈ నిబంధన పౌరుని హక్కును కాపాడుతూనే, నిజాయితీగా పనిచేసే అధికారిని నిరాధార ఆరోపణల నుండి రక్షిస్తుంది.

పాత్రికేయులు, అధికారుల బాధ్యత

దాడి జరిగినపుడు వదంతులకు తావివ్వక నిర్ధారిత సమాచారాన్ని ప్రజలకు అందించడం పాత్రికేయుల చేతిలో ఉన్నది. సమాచారాన్ని సకాలంలో విడుదల చేయడం, మారుమూల స్టేషన్లలో తగినంత సిబ్బందిని, వాహనాలను, విశ్రాంతిని కల్పించడం అధికారుల బాధ్యత. తండా నుండి వచ్చిన ఫిర్యాదుదారుని కూర్చోబెట్టి, అతని మాట విని, రశీదు ఇచ్చి పంపడానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. అర్ధరాత్రి ఆపద పొంచి ఉన్నదని స్టేషన్‌కు ముందుగా కబురు పంపేది ఆ విధంగా గౌరవం పొందిన మనిషే.