చెస్ట్‌నట్: పేరొకటి, సరుకులు రెండు

చెస్ట్‌నట్ పేరుతో రెండు వేర్వేరు సరుకులు వున్నాయి. కాల్చుకు తినే తీపి చెస్ట్‌నట్ ఒకటి. తినరాని హార్స్ చెస్ట్‌నట్ మరొకటి. చెట్ల జాతులు వేరైనా, గింజలు రెండూ ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతుంటాయి. చిక్కంతా ఇక్కడే వుంది.

తినే రకం కాయ పైతొక్క నిండా దట్టమైన సన్నని ముళ్లు, లోపల సాధారణంగా రెండు మూడు గింజలు వుంటాయి. రెండవ రకానికి పొట్టి ముళ్లు పలచగా వుండి, తరచు ఒకే గింజ వుంటుంది. కాని బస్తాలోకి వచ్చేది తొక్క తీసిన సరుకు. కనుక గింజ కొసనే చూడాలి. మొనదేలి, చిన్న కుచ్చు వుంటే తినే రకం. మొన లేక గుండ్రంగా వుంటే హార్స్ చెస్ట్‌నట్.

దీనిలోని సాపోనిన్లు, ఎస్కులిన్ వల్ల వాంతులు, విరేచనాలు కలుగుతాయి. కాల్చినా ఆ దోషం పోదు. అయితే దీనికీ గిరాకీ లేకపోలేదు. ఈ గింజల నుంచి తీసే ఎస్సిన్‌ను కాళ్ల సిరల జబ్బు మందులలో వాడతారు. 1917లో బ్రిటన్ మందుగుండుకు కావలసిన ఎసిటోన్ కోసం పిల్లల చేత వీటిని ఏరించింది.

కొనుగోలుదారులు ఇన్‌వాయిస్‌లో వట్టి "చెస్ట్‌నట్" అని గాక, శాస్త్రీయ నామం కూడా వ్రాయించుకోవడం మేలు. కాస్టేనియా అంటే తినే సరుకు. ఎస్క్యులస్ అంటే మందుల సరుకు.