పింఛనుంటేనే కార్డు

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. అందరూ దాన్ని మిలటరీ మాధవరం అంటారు. ఆ ఊరివాళ్లు తరతరాలుగా సైన్యంలో పనిచేస్తున్నారు. పింఛనుతో ఇంటికొచ్చిన సైనికుల వైద్యం కోసం 2003లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. దాని పేరు ఇ.సి.హెచ్.ఎస్. ఒక్కసారి చందా కట్టాలి. కార్డు ఇస్తారు. కార్డు చూపిస్తే పాలీక్లినిక్‌లో చూసి మందులిస్తారు. పెద్ద జబ్బయితే పెద్దాసుపత్రికి పంపుతారు.

మరి సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ల సంగతేమిటి?

రూలు అందరికీ ఒకటే. పింఛనుంటేనే కార్డు. ఆఫీసరుకు పింఛను రావాలంటే 20 ఏళ్లు పనిచేయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ డాక్టర్లు, నర్సులు కాక ఇతర పనుల్లోకి ఆడ ఆఫీసర్లను తీసుకోవడం 1992లో మొదలైంది. అదీ కొన్నేళ్లకే. ఎంత పొడిగించినా 14 ఏళ్లు దాటనివ్వలేదు. 14 ఏళ్లకే ఇంటికి పంపేస్తే 20 ఏళ్లు ఎక్కణ్ణించి వస్తాయి? పింఛను లేదు. కాబట్టి కార్డూ లేదు.

కొన్నేళ్లకే చేరిన మగవాళ్లకూ కార్డు రాలేదు, నిజమే. అయితే అర్హత ఉన్న మగవాడు ఉద్యోగంలో ఉండిపోవచ్చు. ఆడవాళ్లకు ఆ దారే లేదు. 2008లో న్యాయ, విద్యా విభాగాల్లో మాత్రం తెరిచారు. 2019లో పింఛను లేని ఆ ఆఫీసర్లకు కూడా చందా కట్టించుకుని కార్డు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు, యుద్ధ దళాలు కాక మిగతా విభాగాల్లో ఆడ ఆఫీసర్లు కూడా శాశ్వతంగా ఉండవచ్చని తీర్పు చెప్పింది. అప్పటికి 1992లో చేరినవాళ్లు యాభై ఏళ్లకు వచ్చేశారు.

ఇక సైనికుల ఇళ్లలోని ఆడవాళ్లు. భార్యకు విడిగా కార్డు ఉంటుంది. ఆయన పోయినా, కుటుంబ పింఛను వచ్చే భార్యకు వైద్యం ఆగదు. కొడుక్కి మామూలుగా 25 ఏళ్లదాకానే. కూతురికి పెళ్లో ఉద్యోగమో అయ్యేదాకా, వయసుతో పనిలేదు. రూలు ఆడపిల్ల వైపు ఉండటం అరుదే!

చిక్కల్లా పేరు దగ్గర. సైన్యం కాగితంలో సీత అని, ఆధార్‌లో సీతమ్మ అని ఉంటే పని ఆగుతుంది. ఆయన ఉండగానే సరిచేయించుకోవడం మేలు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్కా, మీకిప్పుడు చదువు వచ్చుగా! పెట్టె తీసి, ఆ కాగితంలో మీ పేరు ఎలా రాశారో చూడండి.