పక్కటెముక విరిగితే ఏం చేయాలి?

గుడిలో కాళ్ళు కడుక్కునే చోటైనా, ఇంట్లో స్నానాల గదైనా, తడి నేల మీద పెద్దవాళ్ళు జారి పక్కకు పడితే పక్కటెముకలు విరగవచ్చు. అందుకే ఈ సంచికలో వాటి గురించి తెలియజేస్తున్నాం.

మనకు 12 జతల పక్కటెముకలు ఉంటాయి. ఒకటి రెండు విరిగి, లోపల మరేమీ దెబ్బతినకపోతే సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో వాటంతటవే అతుక్కుంటాయి. ఎముక విరిగిందనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చేతికీ కాలికీ కట్టు వేసేది ఎముక కదలకుండా ఉండడానికి. పక్కటెముకలు మాత్రం ప్రతి శ్వాసకూ కదలాల్సిందే. ఛాతీ చుట్టూ గుడ్డ బిగిస్తే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు. ఒకప్పుడు ఆస్పత్రుల్లోనూ అలా కట్టేవారు, ఇప్పుడు కట్టడం లేదు.

నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటూ, దగ్గు ఆపుకుంటే కఫం లోపలే నిలిచి న్యుమోనియా రావచ్చు. వయసు మళ్ళినవారికి, ఎక్కువ ఎముకలు విరిగినవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి నొప్పి మాత్ర కూడా చికిత్సే. ఉపవాసం ఉండేవారు పరగడుపున ఏది వేసుకోవచ్చో డాక్టరును అడగండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి, పదిసార్లు నిదానంగా లోతుగా ఊపిరి పీల్చాలి. దగ్గేటప్పుడు దెబ్బ తగిలిన చోట దిండు అదిమిపట్టుకోవాలి. మంచానికే పరిమితం కాకుండా కాస్త నడవాలి. అంగప్రదక్షిణ, సాష్టాంగ నమస్కారం డాక్టరు సరేననే దాకా వాయిదా వేసుకోండి.

చిన్న పగుళ్ళు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి ఉంటే జాగ్రత్తలు మానకండి.

వరుసగా మూడు, అంతకు మించి ఎముకలు రెండేసి చోట్ల విరిగితే అది ప్రాణాపాయం. ఒక్కోసారి ప్లేట్లు వేసి ఆపరేషన్ చేస్తారు. విరిగిన మొన ఊపిరితిత్తికి గుచ్చుకోవచ్చు. కింది ఎముకలైతే ఎడమవైపు ప్లీహం, కుడివైపు కాలేయం గాయపడవచ్చు. ఆయాసం, దగ్గులో రక్తం, పెరిగే కడుపునొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం కనిపిస్తే వెంటనే 995కు ఫోన్ చేయండి. జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. రక్తం పల్చబడే మందులు వాడేవారు చిన్న దెబ్బైనా చూపించుకోవాలి.

స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, నేల జారకుండా పూత వేయించుకోవడానికి హెచ్‌డీబీ వారి ‘ఈజ్’ పథకం ఉంది. అర్హత ఉన్న ఇళ్ళకు రాయితీ ఇస్తారు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పిల్లలకు ఖర్చని నొప్పి దాచుకుంటారు. వాళ్ళు పడ్డారని తెలిస్తే, ఊపిరి ఎలా తీసుకుంటున్నారో మీరే గమనించండి.