ఫతే మైదాన్‌లో బంతికి చోటేదీ?

హిమాయత్‌నగర్ కుర్రాళ్లకు ఫతే మైదాన్ నడిచి వెళ్లేంత దూరమే. 1967 నుంచి అది లాల్ బహదూర్ స్టేడియం. నగరం నడిబొడ్డున, ప్రజల సొమ్ముతో నిలిచిన మైదానం.

ఒకప్పుడు హైదరాబాద్ అంటే ఫుట్‌బాలే. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవరికీ వదల్లేదు. ఆయనే శిక్షకుడిగా మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెలిచింది. ఇప్పుడా మాట చెబితే పిల్లలు నమ్మరు.

మైదానం మాత్రం సభలకు బాగా అలవాటుపడింది. 1983లో ఎన్.టి. రామారావు, 2004లో రాజశేఖరరెడ్డి, 2023లో రేవంత్ రెడ్డి ప్రమాణస్వీకారాలు ఇక్కడే. వేదిక లేచిన రోజున బంతికి సెలవే మరి!

2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల వేళ సర్కారు ఖర్చు గచ్చిబౌలి వైపు మళ్లింది. అక్కడి స్టేడియాన్ని సొంతగడ్డ చేసుకున్న హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఐ.ఎస్.ఎల్. విజేత అయింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గ్యాలరీలు మిగిలాయి, జట్టు లేదు.

హిమాయత్‌నగర్ కుర్రాడు బడి వదిలాక గచ్చిబౌలి బస్సెక్కితే, బంతి తన్ని చీకటిపడేలోగా ఇల్లు చేరడం కుదిరే పని కాదు.