పిట్టలదొరకు ఇటలీ చుట్టాలు

ఖాకీ బట్టలు, తలమీద దొరటోపీ, భుజాన కట్టె తుపాకీ. ఊళ్లో అడుగుపెట్టింది మొదలు తనకున్న వేల ఎకరాల గురించి, తాను కొట్టిన పులుల గురించి పిట్టలదొర గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. తుపాకి రాముడన్నా, లత్కోర్ సాబన్నా ఆయనే. ఆఖరికి చెయ్యి చాచేది మాత్రం గుప్పెడు బియ్యానికి. ఇలాంటి మనిషే నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీ సంతల్లోనూ తిరిగాడు. అక్కడ ఆయన పేరు కాపితానో. పొడుగు ముక్కు మాస్కు, అంతకన్నా పొడుగు కత్తి, ఎన్నడూ చెయ్యని యుద్ధాల కబుర్లు. నిజంగా ఎవడైనా కత్తి దూస్తే పరుగో పరుగు.

1545 ఫిబ్రవరి 25న పాదువా నగరంలో కొందరు నటులు నోటరీ ముందు కాగితం రాసుకున్నారు. కలిసి ఊరూరా ఆడాలి, వచ్చిన సొమ్ము ఉమ్మడి పెట్టెలో వెయ్యాలి, సామాను మొయ్యడానికి ఒక గుర్రం కొనాలి. తర్వాతి కాలం ‘కొమ్మెడియా డెల్ ఆర్తె’ అని పిలిచిన మాస్కుల హాస్యానికి దొరికిన తొలి ఆధారాల్లో అదొకటి. ఆటే కూడు పెట్టాలన్న ఆ తెగింపు మనకు తెలియనిదేం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలు అలాగే బతికాయి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో అక్కడా ఇక్కడా స్త్రీలు స్టేజీ ఎక్కారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, తెలుగు యూనివర్సిటీలోనో రంగస్థల కళలు చదివే పిల్లలకు ఈ హాస్యం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మాస్కుతో మాత్రం కాదు. అది నుదుటి నుంచి పైపెదవి దాకా మూసేస్తుంది. మాటకు నోరు మిగులుతుంది గాని, కనుబొమ్మలతో నెట్టుకొచ్చే నటన అక్కడితో సరి. కంటి రంధ్రాలు చిన్నవి. పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పాలి. టీవీ సీరియళ్లు చూసి పెరిగిన కుర్రాడికి మొదటి వారం ఇది శిక్షే. పాంటలోనే అనే పిసినారి ముసలి వర్తకుడు నడుము వంచి, గడ్డం ముందుకు పొడిచి, చెయ్యి డబ్బుసంచి మీద నుంచి తియ్యకుండా నడుస్తాడు. ఆ నడక కుదిరాకే మాస్కు మనిషవుతుంది. రాసిపెట్టిన సంభాషణలు ఉండవు. కథ ఎలా నడవాలో చెప్పే నాలుగు ముక్కల కాగితం ఉంటుంది, మిగతాదంతా నటుడి టైమింగ్. ఫ్లమీనియో స్కాలా 1611లో అచ్చువేసిన యాభై నాటకాలూ అలాంటి కథాసారాలే.

నడకలు నేర్చుకోవడానికి నయాపూల్ దాటితే చాలు. గుల్జార్ హౌజ్ దగ్గర ముత్యాలు తూచే సేఠ్, లాడ్‌బజార్‌లో బేరం తెగనివ్వని గాజులమ్మి, బోనాల రోజు లాల్‌దర్వాజాలో కొరడాతో దూకే పోతరాజు. పోతరాజుకు మాస్కు ఉండదు. ఒళ్లంతా పసుపే. అయినా వంద గజాల దూరం నుంచి పోల్చుకుంటాం. పాతబస్తీలో ఇటలీ ఎక్కడుందంటే అందరూ సాలార్‌జంగ్ మ్యూజియంలోని బెంజోనీ శిల్పం, మేలిముసుగు రెబెక్కాను చూపిస్తారు. గొప్ప పనితనమే, కాదనను. కానీ డ్రామా విద్యార్థికి పనికొచ్చే ఇటలీ మ్యూజియం గేటు బయట తిరుగుతుంటుంది.

అసలు కిటుకు యాసలో ఉంది. పాంటలోనే వెనిస్ యాసలో మాట్లాడతాడు. పండితమ్మన్యుడు దొత్తోరే యూనివర్సిటీ ఊరైన బొలోన్యావాడు. ఎప్పుడూ ఆకలితో నకనకలాడే సేవకుడు ఆర్లెకినో బెర్గామో కొండల నుంచి వెనిస్‌కు మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకుని పట్నమొచ్చిన కూలీ అన్నమాట. పాతబస్తీలో దక్కనీ ఉంది, తెలంగాణ తెలుగుంది, మార్వాడీ కలిసిన హిందీ ఉంది, బార్కస్‌లో అరబ్బు మూలాల కుటుంబాలున్నాయి. ఇంత సరుకు పెట్టుకుని ఆర్లెకినో రంగుముక్కల చొక్కా అద్దెకు తెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. తెలంగాణ యాసను మన సినిమా దశాబ్దాల పాటు రౌడీకో, కమెడియన్‌కో అంటగట్టింది. హిందీ సినిమాలో దక్కనీ మాటకూ అదే గతి. ఇటలీ హాస్యం చాలావరకు తిరగేసి పనిచేస్తుంది: యాస మాట్లాడే సేవకుడు తప్పులు చేస్తాడు, దెబ్బలు తింటాడు, కానీ నవ్వు ఎక్కువగా పోయి తగిలేది యజమానికి. కాబట్టి పాతబస్తీ మనిషి వేషం కట్టే విద్యార్థిని గురువు ముందు అడగాల్సింది, ఈ నవ్వు ఎవరి మీద పడుతోందని. ‘ది అంగ్రేజ్’ సినిమాలో చార్మినార్ దగ్గర కోతలు కోసే సలీం ఫేకూ కాపితానోకు తమ్ముడే. అతన్ని చూసి నవ్వుతాం గాని, అసహ్యించుకోం. అంతకు చాలా ముందే బబ్బన్ ఖాన్ అప్పులు, గంపెడు పిల్లల మధ్య నలిగే బడుగు సంసారిని ‘అద్రక్ కే పంజే’లో నిలబెట్టాడు. 1965లో మొదలైన ఆ నాటకం 2001 దాకా ఆడింది. మిలాన్‌లోని పిక్కోలో థియేటర్‌లో దర్శకుడు స్ట్రేలర్ 1947లో ఎత్తుకున్న ‘ఇద్దరు యజమానుల సేవకుడు’దీ అంత మొండి ఆయుష్షే. అందులో ఆర్లెకినోగా ఫెరూచియో సొలేరి ఎనభై దాటినా గంతులు వేశాడు.

ఇక మాస్కు సంగతి. చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మాస్కులు చేస్తారు. ఇప్పుడవి ఎక్కువగా డ్రాయింగ్‌రూం గోడలకే పోతున్నాయి. నటుడికి కావాల్సింది వేరు: బరువు తక్కువ ఉండాలి, చెమటకు తట్టుకోవాలి, దవడ ఆడాలి. పిక్కోలో మొదటి ఆర్లెకినో మార్చెల్లో మొరెట్టి కూడా మాస్కు వద్దని కొన్నాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకునే ఆడాడు. శిల్పి ఆమ్లెతో సార్తోరి అచ్చు మీద తోలు పరిచి, సుత్తితో కొట్టి, అతని ముఖానికి అతికేలా మాస్కు చేసిచ్చాకే దారికొచ్చాడు. చేర్యాల పనివాణ్ని ఒక వారం రిహార్సల్ గదిలో కూర్చోబెట్టి, పిల్లల నడకలు చూపించి, ఆ తర్వాత పిండి కలపమనాలి.