ఆస్పత్రి నుండి ఇంటికి చేరిన రోగికి అండ : పాలియేటివ్ కేర్‌లో సమన్వయ సేవలు

"ఇక చికిత్సతో ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అన్న మాటతో పెద్దాసుపత్రి గేటు దాటిన కుటుంబానికి ఆ తరువాత ఎవరిని ఆశ్రయించాలో తెలియదు. రిపోర్టుల సంచి చేతిలో ఉంటుంది, నొప్పి తగ్గదు. అర్ధరాత్రి ఆయాసం వస్తే మళ్ళీ అంబులెన్సు, మళ్ళీ ఐ.సి.యు., మళ్ళీ అప్పు. ఈ దశలో అందవలసిన వైద్యమే పాలియేటివ్ కేర్, అనగా ఉపశమన వైద్యం. ఇందులో మందులకు ఎంత ప్రాధాన్యం ఉన్నదో, ఆ కుటుంబానికి బాధ్యత వహించే ఒక మనిషికి అంతే ప్రాధాన్యం ఉన్నది.

ఇది కేవలం క్యాన్సర్ రోగులకేనన్న అభిప్రాయం సరికాదు. మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి, పక్షవాతంతో మంచం పట్టినవారికి, మతిమరుపు వ్యాధి ముదిరిన వృద్ధులకు కూడా ఇది అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాల ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవలు అవసరం కాగా 14 శాతం మందికి మాత్రమే అందుతున్నాయి. మన దేశంలో 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ ప్రభృతులు ఆరంభించిన కృషి ఫలితంగా కేరళ ప్రభుత్వం 2008లో ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. జాతీయ కార్యక్రమం 2012లో రూపుదిద్దుకున్నది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రులకు అనుబంధంగా కేంద్రాలు, ఇళ్ళకు వెళ్ళే బృందాలు ఏర్పడ్డాయి.

సమన్వయ బాధ్యతను సాధారణంగా నర్సు నిర్వహిస్తారు. తొలి సందర్శనలో ఆమె చేసే పని ప్రధానంగా వినడమే. నొప్పి సున్నా నుండి పది వరకు ఎంత ఉన్నదో రోగినే అడుగుతారు. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, పుండ్లు శుభ్రపరచడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం కోడలికో కొడుకుకో దగ్గరుండి నేర్పుతారు. పింఛను, దివ్యాంగ ధ్రువపత్రం వంటివి ఏ కార్యాలయంలో లభిస్తాయో తెలుపుతారు. రాత్రివేళ పిలవవలసిన ఫోను నంబరు రాసి ఇస్తారు. చూడటానికి చిన్నదైనా, అనవసరపు ఆస్పత్రి ప్రయాణాలను నివారించేది తరచుగా ఆ నంబరే.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్ర చవకైన మందు. సాధారణ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు మాత్రమే ఉంటుంది గనుక వేళ తప్పకుండా ఇవ్వాలి. మలబద్ధకానికి మందు కూడా జతచేయాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కారణంగా అనేక లైసెన్సులు అవసరమై ఆస్పత్రులు దీనిని నిల్వ చేయడానికే వెనుకాడేవి. 2014 సవరణతో ఆ చిక్కు తొలగింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతి ఒక్కటే చాలు. అయినా భయం పూర్తిగా పోలేదు.

పత్రికల్లో పాలియేటివ్ కేర్‌ను, కారుణ్య మరణాన్ని ఒకటిగా పేర్కొనడం కనిపిస్తున్నది. ఇవి వేరు వేరు. ఉపశమన వైద్యం మరణాన్ని త్వరపరచదు, వాయిదా వేయదు. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమ ప్రాణాధార చికిత్స వద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం అవసరమన్న నిబంధనను 2023 జనవరిలో సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల సమక్షంలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతుంది. ఆ పత్రం ప్రతిని స్వీకరించి భద్రపరచే అధికారిని మునిసిపాలిటీలు, పంచాయతీలు నియమించవలసి ఉన్నది. ఆ అధికారి ఎవరో తెలియని చోట పత్రం రాసుకున్నా కుటుంబానికి దారి కనిపించదు. ఆస్పత్రిలో చికిత్స ఉపసంహరణకు మాత్రం రెండు వైద్య బోర్డుల అభిప్రాయం తప్పనిసరి.

ఇంటివద్ద మరణం సంభవించినప్పుడు కుటుంబ పెద్ద 21 రోజులలోగా నమోదు చేయించాలి. చివరి జబ్బులో చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణ ధ్రువపత్రాన్ని రుసుము లేకుండా ఇవ్వాలి. బృందం క్రమం తప్పక వస్తున్న ఇళ్ళలో ఈ వైద్యుని కోసం వెతుకులాట ఉండదు. బ్యాంకు ఖాతా, భూమి మార్పిడి, వితంతు పింఛను అన్నీ ఈ ఒక్క నమోదుపై ఆధారపడినవే కనుక, దుఃఖంలో ఉన్నవారిని పరామర్శించడానికి వచ్చే నర్సు ఈ కాగితం సంగతి కూడా అడిగి తెలుసుకుంటారు.