నూనె తుంపరగా ఎలా మారుతుంది?

దోసె పెనం మీద చెంచాతో నూనె వేస్తే ఒకచోటే మడుగు కడుతుంది. అంచులకు చేరాలని ఇంకాస్త వేస్తాం. స్ప్రే సీసాతో అంత అక్కర్లేదు. ఎందుకు?

పంపు కొట్టే రకం సీసాలో, మూతను పైకీ కిందికీ ఆడిస్తే లోపలికి గాలి ఎక్కి ఒత్తిడి పెరుగుతుంది. మీట నొక్కగానే ఆ ఒత్తిడి నూనెను సన్నని రంధ్రంలోంచి తోసేస్తుంది, అది తుంపరలుగా విడిపోతుంది. ఒక బొట్టు 1000 సమానమైన తుంపరలైతే, వాటి మొత్తం ఉపరితలం 10 రెట్లవుతుంది! అందుకే కొద్ది నూనే పెనమంతా పరుచుకుంటుంది. నూనె తగ్గితే క్యాలరీలూ తగ్గుతాయి; గ్రాము నూనెలో సుమారు 9 కిలోక్యాలరీలుంటాయి మరి. అలాగని మీట నొక్కుతూనే ఉంటే లాభమేముంది?

నూనె నీళ్లకన్నా చిక్కన. గాలి చాలకపోతే తుంపరకు బదులు ధార కారుతుంది. పాత నూనె జిగురై రంధ్రాన్ని మూసేస్తుంది కూడా. మళ్లీ నింపేముందు వేడినీళ్లతో, సబ్బుతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. మంట దగ్గర మాత్రం కొట్టొద్దు, తుంపర భగ్గుమంటుంది.